తివాచీ వెనకవైపు

మగ్గం మీంచి దించిన తివాచీని షెడ్డు ముందు ఎండలో బోర్లా పరిచారు. యజమాని పాపారావుగారు చుట్టూ తిరిగి చూసి, "ఈ కుడి సగం ఎవరు నేశారు?" అన్నారు.

నజ్నీన్ తల వంచుకుంది. ఎడమ సగం యేసమ్మది. అక్కడ ముడులన్నీ బిగువుగా, సమంగా ఉన్నాయి. తన వైపు మాత్రం నాలుగుచోట్ల అడ్డంగా వదులు పట్టీలు పడ్డాయి.

"నిద్రపోతూ నేసినట్టుంది," అన్నారాయన.

"మూరన్నరకోసారి లెక్కగా నిద్రొస్తదేంటండీ ఎవరికైనా?" అంది యేసమ్మ. ఇరవై ఏళ్లుగా మగ్గం మీదున్న మనిషి, అప్పటికే వంగి మోచేత్తో కొలిచేసింది. "మూరన్నరంటే మాకు నెల పనండీ."

పాపారావుగారు గొణుక్కుంటూ లోపలికి వెళ్లారు. నజ్నీన్ చెయ్యి తెలియకుండానే పొత్తికడుపు మీదికి పోయింది.

మూడేళ్ల కిందట తాడేపల్లిగూడెంలో పుట్టింట ఉండి, ఆపరేషన్‌తో కూతురు షిఫాని కన్నది. ఏడాది తిరిగేసరికి ఆ కుట్టు కుడి కొసన ఉసిరికాయంత గడ్డ తేలింది. ఇప్పుడది నిమ్మకాయంత. చీము పట్టిందని ఒకరు సూదులు రాశారు. ఏమీ లేదు, గ్యాసేనన్నారు ఇంకొకరు. చివరికి ఏలూరులో హెర్నియా అని తేల్చి, గురువారం కోద్దామన్నారు. ఎక్కడికెళ్లినా జవాబు చెప్పేది మొగుడు అబ్దులే. "ఎప్పుడూ నొప్పేనంటదండీ" అంటాడు. చెడ్డవాడేం కాదు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్లు కొట్టేశాక తన ఆటోకి చేపల కిరాయిలు పోయి, గుండుగొలను దాకా మనుషుల కోసం తిరుగుతున్నాడు. ఆసుపత్రిలో కూర్చున్న పూట ఆ తిరుగుడూ ఉండదు. ఆమెకూ వాదించే ఓపిక లేకపోయింది.

"ఆ రోజుల్లో ఇనుప పంజా కొట్టలేను పిన్నీ," అంది యేసమ్మతో. "గట్టిగా కొడితేగానీ ముడుల వరస దిగదు. కొడితే గడ్డలో చురుక్కుమంటుంది."

"ఆ రోజులంటే ఏ రోజులే?"

నజ్నీన్ చెప్పింది.

"మరి డాక్టరుకి చెప్పావా?"

"మగాయన. పక్కన ఈయన."

"కోసేది నీ పొట్టే అమ్మాయ్, వాళ్ల పొట్టలు కావు."

గురువారం సర్జన్ శివరామయ్యగారు కాగితాలు తిరగేస్తూ నొప్పి ఎలా ఉందని అడిగారు.

"ఎప్పుడూ నొప్పేనం..." అన్నాడు అబ్దుల్.

"ఎప్పుడూ కాదండీ," అంది నజ్నీన్. "నేను నమాజు చెయ్యని రోజుల్లోనేనండీ. అప్పుడు ఉబ్బుతుంది. తర్వాత తగ్గుతుంది."

డాక్టరుగారికి అర్థం కాలేదు. "రోజూ చెయ్యవా అమ్మా?" అన్నారు.

అబ్దుల్‌కి అర్థమైంది. "నెలసరి రోజులండీ," అన్నాడు మెల్లిగా. "ఆ రోజుల్లో మా ఆడవాళ్లు నమాజు చెయ్యరండీ."

ఆయన కలం కింద పెట్టారు. ఎన్నాళ్లుగా అని అడిగితే నజ్నీన్ రెండేళ్లుగా అని చెప్పి, తివాచీలో పట్టీల సంగతీ చెప్పింది. ఆయన నవ్వలేదు. గడ్డని మళ్లీ నొక్కి చూశారు.

"ఇది హెర్నియా కాకపోవచ్చమ్మా. కాన్పు ఆపరేషన్‌లో గర్భసంచి లోపలి పొర రవ్వంత ఆ కోతలో చిక్కుకుని పెరిగి ఉంటుంది. నెలనెలా లోపల జరిగేదే అక్కడా జరుగుతుంది. ఎండోమెట్రియోసిస్ అంటారు. నేనూ ఎక్కువ చూళ్లేదు. ఇవాళ కొయ్యను. ఈసారి ఆ రోజుల్లోనే రా, స్కానింగు తీయిద్దాం. అదే అయితే చుట్టూ కాస్త కండతో సహా తియ్యాలి. తీశాక ముక్కని పరీక్షకి పంపుతాం. మళ్లీ రాదని మాత్రం మాటివ్వలేను."

ఆటో దగ్గరికి వచ్చాక అబ్దుల్ బండి తియ్యలేదు. "ఇన్నాళ్లూ చెప్పొచ్చు కదా," అన్నాడు.

"మీరు మాట్లాడటం ఆపితే కదండీ."

అతను హ్యాండిల్ మీద చేతులు పెట్టుకున్నాడు. "ఈసారి నువ్వే చెప్పు. నేను బయట కూర్చుంటా."

ఆమె వెనక సీట్లో తల వాల్చింది. ఆ రోజులు రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

"పక్కనే కూర్చోండి," అంది. "మాట్లాడకుండా ఉంటే చాలు."