చీటీలో రాయని తెల్ల బాతు

మా బామ్మర్దికి నేను పెట్టిన పేరు సంచీ. నిరుడు చెరువు అంచున చిక్కుకున్న ప్లాస్టిక్ సంచిని కొంగ అనుకుని లెక్క రాశాడు. ఏడాదిగా వాణ్ణి వదల్లేదు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించాను. నా నోరు అలాంటిది.

ఇద్దరిదీ వలస పక్షుల్ని లెక్కపెట్టే ఉద్యోగం. గట్టు మీద రేకుల గది, రెండు కిటికీలు, మధ్యలో చెక్క అడ్డం. మంద దాటేదాకా మాట్లాడుకోకూడదు, ఎవరి చీటీ వాళ్ళు రాసుకోవాలి. మా లెక్కలు ఏనాడూ కలిసింది లేదు. రెండో మూడో తేడా ఉండాల్సిందే.

ఈసారి నాకో భయం పట్టుకుంది. వేసవిలో కుడికంటికి ఆపరేషన్ అయింది. "తెల్లమచ్చ కనబడితే పని ఆపేసి నా దగ్గరికి రండి" అన్నాడు డాక్టరు. పని ఆపేసి నేనేం చేయను? ముప్పై ఏళ్ళుగా నాకు చేతనైంది ఇదొక్కటే.

పొద్దున్నే బూడిదరంగు బాతుల మంద వచ్చింది. రెండొందల పన్నెండు అయ్యాక, అన్నిటికన్నా వెనక, తెల్లగా ఒకటి. కళ్ళు మూసి తెరిచాను. ఉంది. దుర్భిణి దించి కన్ను తుడుచుకునేలోపు మంద చెట్ల వెనక్కి పోయింది.

చీటీలో రెండొందల పన్నెండే వేశాను.

మా లెక్కలు సరిచూసే ఆఫీసరమ్మ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టింది. బామ్మర్దిదీ రెండొందల పన్నెండే.

"ఇన్నాళ్ళకు బావా బామ్మర్దులు ఒక్కమాట మీదికొచ్చారు" అని నవ్విందావిడ.

వాడికి కనబడలేదంటే ఆ తెలుపు ఆకాశంలో లేదు, నా కంట్లోనే ఉంది. మా ఆవిడకు ఎలా చెప్పాలా అనుకుంటూ దుర్భిణిని పెట్టెలో పెట్టేశాను.

అంతలో ఫోను మోగింది. పక్క చెరువు వాళ్ళు. ఆఫీసరమ్మ విని మావైపు తిరిగింది.

"ఆ మందలో తెల్ల బాతు ఒకటుందట. ఫొటో కూడా తీశారట. ఎప్పుడో గానీ అలా రంగు లేకుండా పుట్టవు. మీకు కనబడలేదా?"

బామ్మర్ది తల దించుకున్నాడు. "నేను చూశానండీ. రాస్తే బావ మళ్ళీ సంచీ అంటాడని మానేశాను."

"నిజంగా చూశావా?" అన్నాను.

"చూశాను బావా. అన్నిటికన్నా వెనక ఉంది."

"వెనకేనా?"

"వెనకే. మరి నువ్వెందుకు రాయలేదు?"

"నా కంట్లో మచ్చ అనుకున్నానురా."

"బాగుంది వరస" అంది ఆఫీసరమ్మ. "ఒకాయనకి కంటి భయం, ఇంకొకాయనకి బావ భయం. మధ్యలో బాతు ఏం పాపం చేసింది?"

చీటీలు మా ముందుకు తోసింది. ఇద్దరం పన్నెండుని పదమూడు చేశాం. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, స్టూలు మీద కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆపరేషన్ కన్ను కూడా బాగానే కారింది.

ఆ రోజు నుంచి వాణ్ణి సంచీ అనలేదు. అనాలనిపించినప్పుడల్లా ఎడమకన్ను మూసి కుడికంటితో వాణ్ణి చూస్తాను. బాగానే కనబడతాడు.