పంతొమ్మిదో మెట్టు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇరవై ఏడేళ్ళు బాయిలరు చూశాను. లోపల నీళ్ళెంత ఉన్నాయో గాజు గొట్టం చూడకుండానే చెప్పేవాణ్ణి. దాని గురక వింటే చాలు. చదువు మాత్రం మూడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటాను, అంతే.

నాకు యాభై ఆరో ఏట పాత బాయిలరు తీసేసి కొత్తది పెట్టారు. దాని ఒంటినిండా ఇంగ్లీషే. ఏదైనా తేడా వస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, పక్కన ఒక మాట పడుతుంది. ఆ మాట తెలియనివాడు దాని దగ్గర ఉండకూడదన్నారు. నలభై మాటల కాగితం చేతిలో పెట్టారు.

"నెల తర్వాత పరీక్ష. ఐదు మాటలు అడుగుతాం. నాలుగింటికైనా అర్థం మన భాషలో చెప్పాలి. లేకపోతే మీకు గేటు దగ్గర కుర్చీ వేస్తాం."

కుర్చీ! ఆ మాట వినగానే నా కాళ్ళలో చీమలు పాకాయి. బుద్ధెరిగాక నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. అన్నం కూడా తిరుగుతూనే తినేవాణ్ణి. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ "ఈయన కాళ్ళకి చక్రాలున్నాయి" అనేది.

మా కోడలు మందుల షాపులో పని చేసేది. ఒక లావుపాటి డిక్షనరీ తెచ్చి ముందేసుకుని కూర్చుంది.

"కొరోజన్ అంటే, మామయ్యా, రసాయనిక చర్య వలన లోహము క్షీణించుట."

"క్షీణించుట అంటే ఏంటమ్మా?"

"అరిగిపోవడం."

"మరి ఆ ముక్కే ఏడవచ్చుగా వాడు! తాళం తీయమంటే ఇంకో తాళం ఇచ్చాడు."

ఆమె నవ్వి పుస్తకం మూసేసింది. "సరే, మీరే చెప్పండి. గొట్టానికి తుప్పు పట్టి లోపల్లోపల తినేస్తుంటే మీరేమంటారు?"

"ఇనుముకి చెద పట్టిందంటాం."

"అదే అర్థం. అదే రాస్తున్నా."

అలా పది మాటలయ్యేసరికి నేను లేచి గదిలో పచార్లు మొదలుపెట్టాను. ఇక లాభం లేదని మిగతావి తనే నా బాణీలో రాసేసింది. మేముండేది మూడో అంతస్తు. ఎక్కడానికి సరిగ్గా నలభై మెట్లు. మెట్టుకో అట్టముక్క అంటించింది, పైన మాట, కింద అర్థం.

"కూర్చుంటే మీకు తలకెక్కదు. ఎక్కుతూ చదవండి."

ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. పొద్దున పాలకి నాలుగుసార్లు వెళ్ళాను. మా లాండ్రీలో డోలు అని ఒకడు ఉండేవాడు, పొట్టని బట్టి ఆ పేరు. వాడికి నా బాయిలరు మీద కన్ను.

"ఏం పెద్దాయనా, మెట్ల మీద పాఠాలట! పాసైతే లిఫ్టు పెట్టిస్తారా?"

పరీక్ష దగ్గరపడ్డాక కోడలు అడిగింది. "నేను అడుగుతాను, మీరు చెప్పండి మామయ్యా."

"అక్కర్లేదమ్మా, అన్నీ వచ్చేశాయి" అన్నాను. అసలు సంగతి అది కాదు. కోడలి ముందు నీళ్ళు నమలడం నామోషీ.

పరీక్ష గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. కళ్ళద్దాల సారు కూర్చోమన్నాడు. కూర్చున్నాను. మొదటి మాట అడిగాడు, "ఫీడ్". అంతే, బుర్ర ఖాళీ. పలక తుడిచినట్టయింది. బాయిలరుకి నీళ్ళు పట్టడమని బయటికొచ్చాక గుర్తొచ్చింది. ఆయన కాగితం మీద అడ్డగీత కొట్టాడు.

"నిలబడి చెప్తాను సార్."

"ఇదేమన్నా కసరత్తా? కూర్చోండి."

ఇంక ఒక్కటి తప్పినా గేటే. ఏం చేయను? బల్ల కింద కాళ్ళతో మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. కుడి, ఎడమ, కుడి. ఆయన కొరోజన్ అన్నాడు, మూడో మెట్టు మీద దొరికింది. "ఇనుముకి చెద సార్." ఆయన తలెత్తి చూశాడు, టిక్కు పెట్టాడు. బ్లోడౌన్ పన్నెండో మెట్టు. "అడుగున పేరుకున్న మడ్డిని నీళ్ళతో సహా బయటికి గెంటేయడం." స్కేల్ ఇరవై ఆరు. "లోపలి గోడకి కట్టిన పెచ్చు." బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.

"కాళ్ళు ఆపండి."

"ఆపితే మాటా ఆగిపోతుంది సార్."

ఆయన నవ్వు ఆపుకుని ఐదోది అడిగాడు. "ప్రైమింగ్."

ఎక్కాను. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. అక్కడ నా కాలు తనంతట తనే బారుగా లేచి ఇరవై మీద పడింది. కింద నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అంతే. అప్పుడు వెలిగింది. మా పంతొమ్మిదో మెట్టు రాయి ఎప్పటినుంచో ఊగుతోంది. ఆ మెట్లు ఎక్కేవాళ్ళందరం కమ్మీ పట్టుకుని దాన్ని దాటేస్తాం. నెల రోజులూ దాటేశాను. దాని మీద ఏం రాసుందో ఒక్కసారైనా చూడలేదు.

"తెలియదు సార్."

"ఆవిరితో పాటు నీళ్ళు కూడా గొట్టంలోకి పోతే ఏం చేస్తారు?"

"గొట్టం డబడబా కొట్టుకుంటుంది సార్. ఆవిరి వాల్వు మెల్లగా బిగిస్తా, మంట తగ్గిస్తా, నీటిమట్టం చూస్తా."

"దాన్నే ప్రైమింగ్ అంటారు. మీకు పని వచ్చు, పేరు రాదు. రేపు దీపం పక్కన పడేది పేరే కదా?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. నిజమే చెప్పాడు. రెండు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. అప్పటిదాకా కుర్చీ.

వచ్చే దారిలోనే తట్టెడు సిమెంటు, ఇసుక అడిగి తెచ్చాను. కోడలు పని నుంచి వచ్చేసరికి పంతొమ్మిదో మెట్టు రాయి పీకి తాపీ పట్టుకుని ఉన్నాను.

"ఇదేంటి మామయ్యా! పరీక్ష ఏమైంది?"

"ఇక్కడే పడ్డానమ్మా."

ఆమె పక్కన పెట్టిన అట్టముక్క చూసింది, నన్ను చూసింది. అర్థమైపోయింది. "నేను అడుగుతానంటే వద్దన్నారుగా!"

"అన్నాను. ఇవాళ్టి నుంచి రోజూ అడుగు. తప్పు చెప్తే నవ్వుకో. చీర కొంగు అడ్డం పెట్టుకోకుండా ఎదురుగానే నవ్వు."

తడి సిమెంటు మీద మేకుతో ప్రైమింగ్ అని ఇంగ్లీషులో గీశాను. ఒక్కో అక్షరం తను చెప్తుంటే, నేను గీశాను. నా చేత్తో నేను రాసిన మొదటి ఇంగ్లీషు మాట అదే.

"ఆరేదాకా తొక్కకండి" అని చెప్పి, అవతలికి అంగ వేసి పైకెళ్ళింది. ఆరేదాకా ఆగడం నా వల్ల అవుతుందా? కింది పద్దెనిమిది మెట్లే ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

రెండు నెలలు గేటు దగ్గర కుర్చీ చుట్టూ తిరిగాను. రెండోసారి ఐదుకి ఐదు చెప్పాను. కాళ్ళు మాత్రం ఆగలేదు, సారు కూడా ఆపమనలేదు. బాయిలరు నాకే వచ్చింది, డోలుగాడు వారం రోజులు మాట్లాడలేదు.

ఆ మెట్టు ఇప్పుడు ఊగదు. అయినా నా కాలు దాన్ని దాటేయబోతుంది. అప్పుడు వెనక్కి దిగుతాను, దాన్ని గట్టిగా తొక్కి మళ్ళీ ఎక్కుతాను.