గాలి వద్దన్న డాక్టరమ్మ

పిల్లప్పను బూదికోట పక్కనుంచి పెద్దాసుపత్రికి తెచ్చేటప్పటికి పొద్దున ఎనిమిది. ముక్కుమీద ఆక్సిజన్ మాస్కు, చేతిలో అక్కడి డాక్టరు రాసిన చీటీ. పురుగుమందు తాగాడని, కడుపు కడిగామని చీటీలో రాసి ఉంది. డాక్టర్ వత్సల దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, అందులో ఉన్న చికిత్సనే కొనసాగించింది. మాస్కు తీయలేదు.

వత్సలది విషవైద్యంలో రెండో ఏడాది. మారికుప్పంలో గని ఆఫీసు గుమాస్తా కూతురు. పట్టును చీరల కొట్లో చూడడమే తప్ప పట్టుపురుగు మొహం ఎరగదు.

"మా ఇంట్లో పురుగుమందు లేదమ్మా," అంది పిల్లప్ప భార్య సొన్నమ్మ. "మేము రేష్మె పురుగు సాకేవాళ్ళం. అది మా గడప తొక్కదు."

వత్సల తల ఊపి ఊరుకుంది. ఇంటివాళ్ళు సగమే చెబుతారని మొదటి ఏడాదే నేర్పారు మరి. అది నిజం కూడాను, పోలీసులకు భయపడి ఎంతమంది దాయలేదు? కానీ దాచేవాళ్ళను పట్టడం నేర్పినంత బాగా, నిజం చెప్పేవాళ్ళను నమ్మడం ఎవరూ నేర్పలేదు.

మధ్యాహ్నం పన్నెండుకు నర్సు అక్కయమ్మ పిల్లప్ప నోరు తుడుస్తూ ఆగింది. నాలుకంతా పొక్కిపోయి ఉంది.

"పురుగుమందుకు నోరు ఇట్లా కాలదు మేడం. అయినా పురుగులు సాకే ఇంట్లో అగరుబత్తి గూడా ముట్టించరు. పొగకే సస్తాయి అవి. ఈయన ఇంగేందో తాగినాడు."

వత్సల మంచం మీదికి వంగి పిల్లప్పనే అడిగింది. అన్నతో నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగిందని, కోపంలో పక్క మామిడితోట పంపుషెడ్డులోకి పోయి, గడ్డికి కొట్టే మందు సీసా ఎత్తానని చెప్పాడు. "రెండు గుటకలే అమ్మా. మూడోది నాకే బుద్ధొచ్చి ఉమ్మేసినాను."

మూత్రం పట్టించి, అందులో సోడా, తెల్లపొడి వేసి గొట్టం కదిపింది. నిమిషంలో సిరా అంత ముదురు నీలం తిరిగింది. గడ్డిమందు. ఊపిరితిత్తుల్లో చేరి మెల్లగా తినేది. ఆక్సిజన్ దానికి ఇంకా బలం పోస్తుంది. మాస్కు తీసేసి, తనకు పాఠం చెప్పే ప్రాణేశ్‌కు ఫోన్ చేసి రంగు సంగతి చెప్పింది.

"ఆక్సిజన్ ఎన్ని గంటలు పెట్టినావు?"

"నాలుగు, సార్."

"ఇంత నీలం తిరిగితే ఆ నాలుగు గంటలు లేకపోయినా కష్టమే. ఐదారు రోజులు. ఇంటివాళ్ళకు నువ్వే చెప్పమ్మా. అది కూడా నేర్చుకోవాల్సిన పనే."

చెప్పడానికే వెళ్ళింది. తీరా చూస్తే సొన్నమ్మ మొగుడికి పలచగా రాగిజావ తాగిస్తోంది. అతను నవ్వుతున్నాడు. వత్సల నోట్లోంచి సగం మాటే వచ్చింది. "మాస్కు గాలి పెట్టకూడదమ్మా. పెడితే ఊపిరితిత్తులు చెడతాయి."

మిగతా సగం రేపు చెబుదామనుకుంది. ఆ రేపు మూడుసార్లు వచ్చింది. ఏమీ అనిపించలేదు ఆమెకు. భయం లేదు, దుఃఖం లేదు. వార్డులోకి వచ్చేది, నాడి చూసేది, కాగితం మీద అంకెలు వేసేది, వెళ్ళిపోయేది.

ఈలోగా సొన్నమ్మ ఆ సగం మాటనే పట్టుకుని కాపలా కాసింది. రాత్రి డ్యూటీ నర్సు మాస్కు తెస్తే చెయ్యి అడ్డంపెట్టి, "మా డాక్టరమ్మ వద్దన్నాది," అని తిప్పి పంపింది. పిల్లప్ప మాత్రం రోజూ ఒకటే పాట. "బాగానే ఉండాను కదమ్మా, పంపించు. పురుగు పండేకి వచ్చింది. గూడు కట్టేది చూడల్ల."

"ఇంకో నాలుగు రోజులు పోనీ," అనేది వత్సల.

ఐదో రోజు తెల్లవారి పిల్లప్పకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఇక ఆయాసం తగ్గించడం తప్ప చేయగలిగింది లేదు. వత్సల తనే మాస్కు తెచ్చింది. సొన్నమ్మ అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది. వత్సల ఆ చేతిని మెల్లగా పక్కకు తీసింది.

సొన్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. "వద్దన్న గాలి నువ్వే పెడతా ఉండావే. ఇంగ బతకడా?"

"బతకడమ్మా."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి రోజే."

సొన్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మొగుడి కాళ్ళమీద దుప్పటి సర్దింది. "నిన్న రాత్రి నుంచి పురుగులు గూడు కడతా ఉండాయంట. మొదటిదినమే చెప్పింటే ఇంటికి పిల్చుకపోయిందును కదమ్మా. ఆయన గూడు చూసుకోని పోయిండును."

వత్సల మాస్కు పట్టీ అతని చెవి వెనక్కి లాగి, గాలి మీట తిప్పింది.