పోలమ్మ నోటికి నేను కాపలా

నేను ఒక చుట్టల డబ్బాను. ఆ మాట వినగానే ముక్కు మూసుకున్నారు కదూ? మూసుకోండి. మీ మర్యాద నాకు అక్కర్లేదు. నేను మీ దగ్గరికి జాలి కోసం రాలేదు. పోలమ్మ మీద ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చాను.

ఒకప్పుడు నేను నూనె డబ్బా రేకుముక్కని. సంతలో కూర్చునే పనివాడొకడు నన్ను కత్తిరించి, సుత్తితో కొట్టి, వంచి, మూత బిగించి అసిరమ్మకి అమ్మాడు. అసిరమ్మ సముద్రం ఒడ్డున చేపలమ్మే మనిషి. ఆ వైపు ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోపలికి తిప్పి పెట్టుకుంటారు. అడ్డపొగ అంటారు. అలా అయితే సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. ఇంకో సుఖం కూడా ఉంది గాని, అది పైకి చెప్పేవాళ్లు తక్కువ. లోపల నిప్పున్నంతసేపు నోరు విప్పడానికి లేదు.

అసిరమ్మకి ఆ సుఖం బాగా తెలుసు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు పోలమ్మ ఒకనాడు ఎదురు సమాధానం చెప్పింది. అత్త తిట్టలేదు, కొట్టలేదు. నన్ను తీసి కోడలి ఒళ్లో పడేసింది.

"ఇదిగో, సుట్ట కాల్చడం నేర్సుకో. కోపమొచ్చినప్పుడల్లా ఒకటెట్టుకో. కాపరం సల్లగుంటాది."

అలా పోలమ్మ బొడ్లోకి చేరాను. నలభై ఏళ్లు అక్కడే ఉన్నాను. ఆమె మింగిన మాటలన్నీ నాకు తెలుసు. మొగుడు సముద్రంలో పోయిన ఏడాది, మరిది దానేసు రెండిళ్ల మధ్య ఉన్న తాటాకు దడిని పీకి, నాలుగు మూరలు ఇవతలికి జరిపి పాతాడు. పోలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. మాట గొంతు దాకా వచ్చింది. చెయ్యి నా మూత తెరిచింది. అంతే, మాట పొగలో కలిసిపోయింది. ఆ ఇంట్లో శాంతి అంతా నా చలవే. ఒక్కరైనా నాకు దండం పెట్టారా?

ఈ మధ్య ఊళ్లోకి ఒక కుర్ర పళ్ల డాక్టరమ్మ వచ్చింది. టార్చి వేసి పోలమ్మ అంగిట్లోకి చూసి, తెల్లగా మచ్చ కట్టిందని చెప్పింది.

"నెల రోజులు చుట్ట ముట్టకమ్మా. మళ్లీ వచ్చి చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. క్యాన్సరేమోనని నా భయం."

ఆ చిన్నపిల్ల మాటకి పోలమ్మ బెదిరిపోయి నన్ను తీసుకెళ్లి చూరులో దోపింది. నా లోపల ఇంకా మూడు చుట్టలున్నాయి. నవ్వుకున్నాను. మూడు రోజులు కూడా ఆగదులే అనుకున్నాను.

మొదటి రోజు తల పట్టుకుని కూర్చుంది. చెయ్యి పదేపదే బొడ్లోకి వెళ్లి ఖాళీగా వచ్చేది. రెండో రోజు చేపల తట్ట చేతిలోంచి జారిపోయింది. మూడుసార్లు చూరు కిందికొచ్చి, నా వైపు చూసి, వాము నములుతూ వెళ్లిపోయింది. వాము! నా చోట్లో వాము!

మూడో రోజు నోరు లేచింది.

"ఇదేటే ఈసరీ? పులుసా, సముద్దరం నీల్లా?"

కోడలు ఈశ్వరి గరిటె నేలకేసి కొట్టింది. "నీ నాలిక్కి రుసి తెలీదనే గదత్తా ఇంతుప్పేస్తన్నాను! పదేల్లనుంచి నీ కోసం మావందరం ఈ ఉప్పే తింతన్నాం!"

"మరొక్కనాడైనా సెప్పినావేటే?"

"నువ్వు సెప్పనిచ్చినావేటి? ఎప్పుడు సూసినా నోట్లో నిప్పెట్టుకుని గోడకేసి సూస్తావు!"

ఇద్దరూ ఆ పూట తినలేదు. నాలుగో రోజు కొడుకు లచ్చయ్యని తిట్టింది, చేపలు బేరం చేసేవాళ్లని తిట్టింది, పిల్లిని తిట్టింది. ఐదో రోజు దడి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఒరే దానేసూ! సముద్దరం నా మొగుడి సవాన్నైనా తిరిగిచ్చింది. నువ్వు నా నాలుగు మూరలెప్పుడు తిరిగిస్తావురా?"

వీధంతా విన్నది. దానేసు ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆరో రోజు పొద్దున్నే వచ్చాడు. చేతిలో చుట్టల కట్ట, అగ్గిపెట్టె. మొహం నిండా నవ్వు.

"వొదినా, నీ బాద సూడలేకపోతన్నాను. మంచి పొగాకు. ఒకటి కాల్చీ. నీ పేనం కుదుటపడతాది, మా సెవులు కుదుటపడతాయి."

వెనకనుంచి ఈశ్వరి కూడా అంది. "ఒక్కటి కాల్చీ అత్తా. ఇల్లు ఊరుకుంటాది."

పోలమ్మ అతని కట్ట ముట్టుకోలేదు. చూరులో చెయ్యిపెట్టి నన్ను లాగింది. ఎంత పొంగిపోయానో! నా మూత తీసి ఒక చుట్ట పెదాల మధ్య పెట్టుకుంది. దానేసే అగ్గిపుల్ల గీసి పట్టాడు. వెలిగించడానికి ఒక్క దమ్ము లాగింది. నలభై ఏళ్ల సుఖం ఆమె కళ్లల్లోకి దిగింది. ఇక నిప్పు కొసని లోపలికి తిప్పడమే మిగిలింది.

అప్పుడు దానేసు హమ్మయ్య అని ఊపిరి వదిలాడు.

పాపిష్టి మనిషి, ఇంకొక్క క్షణం ఆగలేకపోయాడు. పోలమ్మ అతని మొహం చూసింది. చుట్ట నోట్లోంచి తీసి, తిన్నగా దడి దగ్గరికి నడిచి, గుంజకి కట్టిన కొబ్బరితాడు ముడికి నిప్పు కొస అదిమి పట్టింది. తాడు కాలి తెగింది. దడి పక్కకి ఒరిగింది.

"ఏటే, ఇల్లు తగలెట్టేస్తావా!" అని దానేసు కేకలేశాడు.

ఆమె చుట్టని ఇసకలో తొక్కేసి, అవతలికి నాలుగు మూరలు కొలుచుకుంటూ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చేతుల్తో తవ్వింది. మూరెడు లోతున, ఆనాడు పీకుతుంటే విరిగి మట్టిలో ఉండిపోయిన పాత గుంజ మొదలు బయటపడింది. చీకిపోయింది గాని అక్కడే ఉంది. కేకలకి చేరిన జనం దానేసు వైపు చూశారు. అంతవరకు గుమ్మంలో నిలబడి చూస్తున్న లచ్చయ్య లోపలికెళ్లి గునపం తెచ్చాడు. సాయంత్రానికి దడి పాత చోట నిలబడింది.

నా గతి చూడండి. మిగిలిన రెండు చుట్టలనీ సముద్రంలోకి విసిరేసి, నాలో గుప్పెడు గులకరాళ్లు పోసి, మూత బిగించి, కొత్త గుంజకి వేలాడదీసింది. ఎండబెట్టిన చేపల మీదికి కాకులు రాకుండా నేను మోగాలట. ఒక నోరు మూయించిన నేను ఇప్పుడు గాలి వీచినప్పుడల్లా వాగాలి!

డాక్టరమ్మ రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. నిన్న మధ్యాహ్నం పోలమ్మ నా కిందికొచ్చి నిలబడింది. చెయ్యి బొడ్లోకి వెళ్లి ఖాళీగా వచ్చింది. నా వంక ఆశగా చూసింది. నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. ఇంతలో పాడు గాలి వచ్చింది. గలగలమన్నాను.

కాకులు లేచిపోయాయి. పోలమ్మ ఉలిక్కిపడి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"వాగు, బాగా వాగు," అని చేపలు తిరగేసుకుంటూ వెళ్లిపోయింది.