మూడు రోజుల సెలవు

మందు కొట్టే గొట్టంతోనే సూపర్‌వైజరు మా వదినను కొట్టాడు. కంపెనీ పొలంలో ఎనభై మంది కూలీలం చూశాం. ఊపిరాడక, కలుపు మందు డబ్బాను వీపు మీంచి దింపి గట్టు మీద కూర్చోవడమే ఆమె చేసిన నేరం. ఆమె మెడ మీద నిమ్మకాయంత ఉన్న గడ్డ ఏడాదిలో బత్తాయంత అయింది. ఇత్తడి మూతి తగిలి నుదురు చిట్లింది. మా అన్న తువ్వాలుతో నెత్తురు అద్దాడు తప్ప చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ సిగ్గు నన్ను ఇంకా తింటోంది.

"మీరు అయొడిన్ ఉప్పు తినరు, అందుకే గడ్డ," అన్నాడు కంపెనీ డాక్టరు. "ఏటా మీ మూత్రం పరీక్ష చేస్తున్నాం కదా, మందు ఆనవాలే లేదు." కోసి తీయకపోతే ఊపిరి ఆగిపోతుందని కూడా అతనే చెప్పాడు. మందు వల్లే అని తేలితే తప్ప కంపెనీ ఆపరేషన్ చేయించదట.

ఆ పరీక్షకు ముందు మాకు మూడు రోజుల సెలవిస్తారు. కంపెనీది వెన్నలాంటి మనసని మురిసిపోయేవాళ్ళం. చదువుకునే తమ్ముళ్ళూ, నవ్వుకోండి, మేం అంత వెర్రి వెంగళప్పలం.

కంపెనీ ల్యాబులో ఎలుకల పంజరాలు కడిగే ఆవిడను ఎలుకలక్క అంటాం. వదిన దెబ్బలు తిన్న ఆ మధ్యాహ్నం పంపు షెడ్డులో ఆమే మా కళ్ళు తెరిపించింది.

"పంజరం కింద సీసా పెడతారు. మందు తినిపించిన రోజు ఎలుక ఉచ్చ నిండా మందే. లివరు దాన్ని విరగ్గొట్టి బయటికి తోసేస్తుంది. మూడో రోజుకి ఏమీ దొరకదు. కానీ దాంతోపాటు థైరాయిడు రసాన్నీ లివరు పారబోస్తుంది. చాలట్లేదని మెడలో గ్రంథి ఇంకా ఇంకా రసం చెయ్యబోయి ఉబ్బిపోతుంది. ల్యాబువాళ్ళు అనుకుంటుంటే విన్నా, ఎలుకను కోసినప్పుడు కళ్ళారా చూశా."

మందు కలిపే మామ అడ్డొచ్చాడు. "ఎలుక ఎలుకే, మనిషి మనిషే. ఉన్న పని పోతే నీ ఎలుకలు పెడతాయా తిండి?"

"మనిషి సంగతీ చూద్దాం మామా. భయం లేనోళ్ళు సెలవెందుకిస్తున్నారు?"

 మామ మెడ తడుముకున్నాడు. నేనూ తడుముకున్నాను.

రేపటి నుంచి సెలవనగా, పొద్దున్నే మందు కొట్టి, డబ్బాలు దింపేసి, మా ఉచ్చ సీసాల్లో నింపుకుని పరీక్షకు సర్కారు ఆసుపత్రికి బయల్దేరాం. గేటు దగ్గర కాపలావాళ్ళు కర్రలతో విరుచుకుపడ్డారు. సీసాల కోసం వెతికి వెతికి కొట్టారు. మామ మోచెయ్యి విరిగింది. ఎలుకలక్క ముప్పై సీసాల సంచిని వదల్లేదు. సూపర్‌వైజరు ఇనపకడ్డీతో ఆమె తల మీద కొట్టాడు. ఒక్క దెబ్బకే ప్రాణం పోయింది, అయినా మళ్ళీ కొట్టాడు. ఈసారి నేను చెయ్యెత్తాను, మా అన్నా ఎత్తాడు. వాడి దవడ పగిలిన చప్పుడు విన్నాను. నాకు తృప్తిగానే ఉంది, దాచుకోను.

శవాన్ని చూసి కాపలావాళ్ళు వెనక్కి జరిగారు, కానీ ఒక్క సీసా మిగల్లేదు. కొందరు అక్కడే కూలబడి ఏడ్చారు. వదిన లేచి నిలబడింది. గొంతు పీలగా వచ్చింది.

"పగిలింది సీసాలే కదా. మందు మన ఒంట్లోనే ఉంది. నడవండి."

ఎలుకలక్కను చెక్క మీద మోసుకుంటూ వెళ్ళాం. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అతను మేం చెప్పింది విన్నాడు, శవాన్ని చూశాడు, మా నెత్తుటి బట్టలు చూశాడు. బయట పోలీసు వ్యాను ఆగింది. అతను ఖాళీ సీసాల పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"తలుపేసేస్తా. చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరే రండి," అన్నాడు గొంతు తగ్గించి.

వదిన తలుపు పట్టుకుంది. "తెరిచే ఉంచు నాయనా. వాళ్ళూ చూడాలి."

పోలీసులు మెట్లెక్కుతున్నారు. మేం తలా ఒక సీసా తీసుకుని వరస కట్టాం. ఒక్కరూ కదల్లేదు.