కళ్ళు మూసుకుని పోట్లాట

మా అబ్బాయి ఇమ్మాన్యుయేల్‌కీ తమ అమ్మాయి క్రిస్టీకీ పెళ్ళి తేదీ ఖాయం చేసుకోవడానికి సైలస్ గారు భార్యనూ కూతుర్నీ తీసుకుని శనివారం మధ్యాహ్నం అమెరికాలో, చాండ్లర్‌లోని మా ఇంటికి వచ్చారు. పెళ్ళి హాలు డిసెంబరు ఇరవైన ఒక్కరోజే ఖాళీ ఉంది. ఐదింటిలోగా చెప్పకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

మా ఆయన దేవకుమార్‌కీ సైలస్ గారికీ పాతికేళ్ళుగా ఒకే చర్చి, ఒకే పార్టీ. ఎన్నికలొస్తే రెండిళ్ళ ముందూ ఒకే బోర్డు. అలాంటివాళ్ళ మధ్యకి సుప్రీంకోర్టుకి నామినేట్ అయిన జడ్జమ్మ వచ్చి పడింది. కంపెనీల మీద ప్రభుత్వ పెత్తనం తగ్గిస్తూ తీర్పులిచ్చిందని, కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో మేనేజరైన సైలస్ గారు ఆవిడని నెత్తిన పెట్టుకున్నారు. మతాన్ని కోర్టు మెట్లెక్కించకూడదని ఆయన పట్టుదల. అబార్షన్ గురించి సెనేటర్లు ఎంత అడిగినా ఆవిడ తేల్చి చెప్పలేదని మా ఆయనకి మంట. ఆవిడకి వీళ్ళిద్దరూ పుట్టారని కూడా తెలియదు. నా కొడుకు పెళ్ళి మాత్రం మధ్యలో నలుగుతోంది.

ఆ ఊసెత్తనని మా ఆయన దగ్గర ముందే మాట తీసుకున్నాను. ఆయన ఊసెత్తలేదు, ప్రార్థన ఎత్తుకున్నారు. మాలో ఏ మంచిపనికైనా ముందు ప్రార్థన ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు చేస్తారు, చివర అందరూ ‘అలాగే అగుగాక’ అని ఆమేన్ అంటారు. ముగిసేదాకా కళ్ళు తెరవకూడదు, అడ్డు మాట్లాడకూడదు. పోట్లాడదలచుకున్నవాడికి ఇంతకన్నా హాయి ఏముంటుంది?

“ప్రభువా, నీ భయం లేనివారిని న్యాయపీఠం ఎక్కించాలని చూసేవారిని క్షమించు. వారిలో కొందరు ఈ గదిలోనే ఉన్నారు తండ్రీ,” అన్నారు మా ఆయన.

సైలస్ గారు వెంటనే అందుకున్నారు. జడ్జి పని రాసి ఉన్న మాటని ఉన్నట్టు చదవడమేననీ, ఎవరి మనసులో ఏముందో వెతకడం కాదనీ, ఈ సంగతి బ్రదర్ దేవకుమార్‌కి బోధపరచమనీ దేవుణ్ణి వేడుకున్నారు. ఎన్నడూ లేంది, మా ఆయన రెండోసారి మొదలుపెట్టారు. సైలస్ గారూ తగ్గలేదు. దేవుడికి పాపం మధ్యలో వాయిదా అడిగే వీలు లేదు.

నేను ఒక కన్ను తెరిచాను. నాలుగున్నర దాటింది. సైలస్ గారి చేతిలోకి కారు తాళాలు వచ్చేశాయి. ఎదురుగా క్రిస్టీ కూడా ఒక కన్ను తెరిచే ఉంది. తాళాలు చూసింది, నన్ను చూసింది. మా ఆయన మూడోసారి గొంతు సవరించుకునేలోపే తను అందుకుంది.

“జీసస్! డాడీ, అంకుల్ ఇద్దరూ మా పెళ్ళి డిసెంబర్ ట్వెంటీయత్‌కి ఫిక్స్ చేసారు, థాంక్యూ. యేసు నామంలో, ఆమేన్.”

పుట్టిన్నాటి అలవాటు. అందరం ఆమేన్ అన్నాం. ఆ ఇద్దరిదే పెద్ద గొంతు.

కళ్ళు తెరిచాక గానీ వాళ్ళకి తాము దేనికి ఒప్పుకున్నారో అర్థం కాలేదు. దేవుడి ముందు అన్న మాట వెనక్కి తీసుకునే ధైర్యం లేక మా ఆయన నేల చూపులు చూశారు. సైలస్ గారు మాత్రం, అలవాటు కొద్దీ అన్నాననీ, తన మనసులో ఆ ఉద్దేశం లేదనీ నసిగారు.

“డాడీ, మనసులో ఏముందో చూడకూడదు అన్నావు కదా,” అంది క్రిస్టీ.

సైలస్ గారు తాళాలు జేబులో వేసుకున్నారు. నేను హాలుకి ఫోన్ చేసి ఖాయమని చెప్పి, వడ్డించడానికి లేచాను. క్రిస్టీ వచ్చి నా చేతిలోంచి గిన్నె అందుకుంది. ఈ పిల్ల నా కోడలు కాబోతోందని ఎంత సంబరపడ్డానో, అంత భయమూ వేసింది.