వెళ్ళే మనిషి

ఉతకడానికి వేసే ముందు భర్త ప్యాంటును ఒళ్ళో పరుచుకుని, దానికి అంటుకున్న గడ్డిగింజల్ని ఆమె ఒక్కొక్కటే పీకుతోంది. అలాగే మిషన్లో పడేస్తే అవి మిగతా బట్టల్లోకి దిగబడి, వేసుకున్నప్పుడల్లా గుచ్చుతాయి. ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. బడికి వేసుకెళ్ళే బట్టలు రెండు జతలు పాడయ్యాక తనే నేర్చుకుంది.

"అదయ్యాక లెన్సులు కూడా ఓసారి తుడువు," అన్నాడు ఆయన ముందుగదిలోంచి. "రేపు సభకొచ్చినవాళ్ళు చేత్తో పట్టుకుని చూస్తామంటారు. నాకు తుడవడం చేతకాదు, గీతలు పడతాయి."

చేతకాదు అన్న మాటను ఆయన ఎప్పుడూ వినయంగానే అంటాడు. ఫ్లాస్కు మూత బిగించడం చేతకాదు. గుడారం మడతపెట్టడం చేతకాదు. తడిసిన మేజోళ్ళు ఎక్కడ ఆరేయాలో తెలియదు. తెలిసింది ఒక్కటే, అది మాత్రం బ్రహ్మాండంగా తెలుసు. పక్షి రెక్క విప్పబోయే ముందు క్షణం ఏదో ఆయన వేలికి తెలుస్తుంది.

కిందటేడు ఉద్యోగం నుంచి ముందే విరమణ తీసుకుని, "ఒక్క ఏడాది. ఇక్కడా విదేశాల్లోనూ తిరిగి జంతువుల్నీ పక్షుల్నీ ఫోటోలు తీసుకుంటాను. ఆ తర్వాత నువ్వేం చెప్తే అది," అన్నాడు. ఆమె జీతం లేని సెలవు పెట్టింది. స్టాఫ్ రూములో అందరూ అదృష్టవంతురాలివన్నారు. అత్తగారు ఫోన్లో, "మొగుడు దేశాలు తిప్పుతానంటే గొంతు అలా నీరసంగా ఉందేమే? మమ్మల్ని పక్క వీధికి తీసుకెళ్ళిన పాపాన కూడా ఎవరూ పోలేదు," అంది. అత్తగారు అన్నదీ నిజమే. కాని ఆమె గొంతు అలా ఉండటానికి కారణం వేరు. అక్కకు బాగుండటం లేదు.

అక్క దర్జీ పని చేసేది. అమ్మ పోయాక చెల్లెల్ని కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని పెంచింది. గుండీల డబ్బాయే పలక. "దోసిట్లో రెండు వేశానా? ఒకటి తీశానా? లోపల ఎన్నున్నాయే?" అని మూసిన చేతులు చూపించేది. చూడకుండా చెప్పాలి. చెల్లెలు లెక్కల టీచరు కావడానికి ఆ మూసిన చేతులే మొదలు. అలాంటి అక్క ఊపిరి సరిగా ఆడక దిండ్లకు చేరబడి కూర్చుని కూడా, "వెళ్ళిరావే పిచ్చిదానా. నేనెక్కడికీ పోను, గుమ్మం దాకా పోవడమే గగనంగా ఉంది. తిరిగొచ్చి ఒక్కో బొమ్మ చూపించి కథ చెప్పు," అంది. ఆ మాట పట్టుకుని ఆమె బయల్దేరింది.

ఆ ఏడాదిలో ఆమె పని ఏమిటంటే, వెళ్ళిపోవడం.

పక్షి గూడు పెట్టుకున్న చోటికి దగ్గరలో ఆకుల రంగు గుడారం ఒకటి వేస్తారు. ఆయన దాన్ని మాటు అంటాడు. మనిషి అందులోకి దూరడం చూస్తే పక్షి ఆ ఛాయలకు రాదు. అందుకని ఇద్దరు వెళ్తారు. ఇద్దరూ లోపలికి దూరతారు. కాసేపాగి ఒకరు బయటికొచ్చి, పక్షి చూస్తుండగా నడుచుకుంటూ వెళ్ళిపోతారు. పక్షికి లెక్క రాదు. వచ్చినవాళ్ళు పోయారనుకుని గూటి మీద వాలుతుంది. పొద్దెక్కాక, వెళ్ళిన మనిషే మళ్ళీ వచ్చి లోపలి మనిషిని వెంటబెట్టుకు రావాలి. ఆయన ఒక్కడూ బయటపడ్డాడంటే ఆ పక్షి ఇక ఆ గుడారాన్ని నమ్మదు.

"నింపాదిగా నడు. చేతులూపు. వెనక్కి మాత్రం తిరక్కు, దానికి అనుమానమొస్తుంది," అని మొదట్లో నేర్పాడు. "అలిగి పుట్టింటికి పోతున్నట్టు వెళ్ళు. ఆడవాళ్ళకి ఆ నడక పుట్టుకతోనే వస్తుందిగా."

అప్పుడామె నవ్వింది కూడా. తర్వాత గడ్డి మైదానాల్లో, బురద గట్ల మీద, గులకరాళ్ళు జారే ఒడ్డుల మీద చేతులూపుకుంటూ నడిచింది. చెట్టు కిందో, మూసి ఉన్న కొట్టు మెట్ల మీదో కూర్చుని వేళ అయ్యేదాకా ఆగేది. ఇంటికి తిరిగొచ్చిన ప్రతిసారీ జనం, "అబ్బ, ఎన్ని పక్షుల్ని చూశారో" అనేవారు. ఏడాది పొడుగునా ఆమె ఒక్క పక్షిని కూడా దగ్గర్నుంచి చూడలేదు. అది దిగే వేళకు ఆమె వీపు దాని వైపు ఉండేది.

విదేశంలో, చలి సముద్రంలో ఉన్న ఒక చిన్న ద్వీపానికి వెళ్ళినప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను పెట్టుకున్నారు. "ఇద్దరం ఒకచోటే ఉంటాం, ఒకటి చాలదా?" అన్నాడు. ఫోను ఆయన జేబులో ఉండేది. ఒక సాయంత్రం, తెల్లారితే తిరుగు పడవ అనగా, బస చేసిన చెక్క గదిలో ఆయన ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడే కబురొచ్చింది. వదిన పోయింది," అన్నాడు.

వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క కూర్చునే దిండ్లు ఎండలో ఆరేసి ఉన్నాయి. బావ గడప దగ్గరే, "నువ్వొస్తావేమోనని మర్నాటి దాకా ఉంచామమ్మా. వస్తున్నానని గాని రాలేనని గాని ఒక్క ముక్క చెప్పకపోతివి," అన్నాడు.

"నాకు తెలియదు బావా. కబురే ఆలస్యంగా అందింది."

"నేను పంపింది పంపినట్టే చదివారే. చదివినట్టు ఫోన్లో గుర్తు కూడా పడిందే."

ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి, తికమకపడుతున్నాడనుకుంది. అంతటితో వదిలేసింది. ఆ తర్వాత బావ ఫోను చెయ్యడం తగ్గించాడు. అదీ దుఃఖమేననుకుంది.

మర్నాడు సభ గ్రంథాలయం మేడ మీది హాల్లో జరిగింది. గోడల నిండా ఆయన బొమ్మలు. నీళ్ళు తాగుతున్న జింక, నక్క పిల్లలు, ముక్కున చేపతో కొంగ. ఆమె వెనకవైపు బల్ల దగ్గర నిలబడి కప్పుల్లో టీ పోస్తోంది. ఫోటోగ్రఫీ క్లబ్బు కార్యదర్శి మైకులో, "మన మిత్రుడి విజయం వెనక ఎవరున్నారో చెప్పాలా? అదుగో, టీ దగ్గర," అంటే అందరూ వెనక్కి తిరిగి నవ్వారు. భర్త, "మా ఆవిడది చాలా ముఖ్యమైన పని. వెళ్ళిపోవడం," అని మాటు కిటుకు చెప్పాడు. పుట్టింటి నడక కూడా చెప్పాడు. మళ్ళీ నవ్వారు. ఆమె కెటిల్ వంచే ఉంచింది.

అప్పుడు తెర మీదికి సముద్రపక్షి పిల్ల వచ్చింది. కొండ అంచున నిలబడి, ఇంకా సరిగా ఈకలు రాని రెక్కలు చాచి, మొదటిసారి ఎగరబోతోంది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఈ బొమ్మకో కథ ఉంది. మాటులో ఉన్నాను. జేబులో ఫోను వణికింది. చూస్తే మా తోడల్లుడు. వదినగారు పోయారని. నాకు తల్లిలాంటి మనిషి. ఏం చెయ్యను? పిల్ల చూస్తే అంచు మీద ఉంది. రెండ్రోజులుగా దానికోసమే కాచుకున్నాను. కళ్ళు తుడుచుకుని నొక్కాను. చావూ పుట్టుకా ఒకే క్షణంలో చూశానండి ఆ రోజు."

హాల్లో చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది.

పిల్ల ఎగిరిన రోజు ఆమెకు గుర్తుంది. చెక్క గదికి నవ్వుకుంటూ వచ్చి, "దొరికిందోయ్" అని ఆమెను ఎత్తినంత పని చేశాడు. ఆ రాత్రి ఆయన తృప్తిగా తిన్నాడు. మర్నాడు పొద్దున కూడా మాటుకు వెళ్ళారు. ఆమె చేతులూపుకుంటూ, వెనక్కి తిరక్కుండా, గులకరాళ్ళ మీద నింపాదిగా నడిచి వెళ్ళింది. అదే పొద్దున ఇక్కడ బావ గడపలో నిలబడి వీధి వైపు చూస్తున్నాడు. ఆ సాయంత్రం గాని ఆయన "ఇప్పుడే" అనలేదు.

కప్పు నిండి పళ్ళెంలోకి, పళ్ళెంలోంచి బల్ల మీదికి టీ కారింది. ఆమె గుడ్డ తీసుకుని తుడిచింది.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే అడిగింది. "ఆ రోజే తెలుసా మీకు?"

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అయ్యాక, "అప్పుడు చెప్తే ఏం చేసేదానివి? పడవ రెండ్రోజులకు గాని లేదు. అక్కడ కూర్చుని ఏడవడమేగా," అన్నాడు.

"ఏడ్చేదాన్నే."

"నీ మంచికే దాచాను. అయినా ఏడుస్తూ నడిస్తే..." అని ఆగాడు.

పక్షికి అనుమానం వస్తుంది. ఆ మిగతా సగం ఆమె పైకి అనలేదు. తరగతిలో పిల్లవాడు జవాబు సగంలో ఆపితే కూడా ఆమె పూర్తి చెయ్యదు, వాణ్ణే చెప్పనిస్తుంది. ఆయన మాట మార్చాడు. "పొద్దున చెరువుకి పెందలాడే వెళ్ళాలి. తెల్ల కొంగ గూడు కట్టింది. రెండో ఏడాదికి అదే బోణీ," అన్నాడు. సెలవు ఇంకో ఏడాది పొడిగించమని ఆమె బడికి ఇంకా రాయలేదు. రాశావా అని ఆయన అడగనేలేదు.

పొద్దున ఆమె ఫ్లాస్కు నింపింది. మూత బిగించింది. చెరువు దాకా ఇద్దరూ నడిచి, మాటులోకి దూరారు. లోపల చీకటిగా, తడి గుడ్డ వాసనగా ఉంది. ఆయన మోకాలు ఆమె మోకాలికి తగులుతోంది. కెమెరా సర్దుకుని, "ఇక వెళ్ళు," అన్నాడు.

"ఒక్కసారి నేనూ ఉండి చూడనా?"

"ఎవరూ బయటికి పోకపోతే అది రాదు. నీకు తెలియనిదా? బొమ్మలో చూద్దువుగాని."

ఆమె బయటికొచ్చింది. పొద్దెక్కాక వస్తాను అని రోజూ చెప్పే మాట చెప్పలేదు. ఆయన గమనించలేదు. గట్టు మీద నింపాదిగా నడిచింది, చేతులూపింది, వెనక్కి తిరగలేదు. మూసి ఉన్న కొట్టు మెట్లు వచ్చాయి. ఎప్పుడూ అలాంటి చోటే కూర్చుంటుంది. ఈసారి దాటి, రోడ్డెక్కి, అక్క ఊరికి పోయే బస్సు ఆపింది. బావకు చెప్పాలి, చదివింది నేను కాదని. ఒక్కో బొమ్మకీ ఉన్న కథ ఆ ఖాళీ దిండ్ల దగ్గరైనా కూర్చుని చెప్పాలి. మళ్ళీ బడి తెరిచే వేళకు తన తరగతిలో ఉండాలి. మరి ఆయన? బయటికి రావడానికి ఆయనకు కాళ్ళున్నాయి. వస్తే పక్షి చూస్తుంది, అంతే.

కిటికీ పక్కన కూర్చున్నాక మొదటిసారి వెనక్కి తిరిగి చూసింది. చెరువు అవతల ఆకుల రంగు గుడారం గుప్పిట మూసినట్టు చిన్నగా ఉంది. దాని మీదుగా తెల్ల కొంగ మెల్లగా దిగుతోంది, లోపల ఎవరూ లేరనుకుని. లోపల ఎన్నున్నాయే, అని అక్క అడిగినట్టయింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. ఏడుస్తుంటే చూసి అనుమానపడేవాళ్ళు ఇక్కడెవరూ లేరు.

కండక్టరు వచ్చి, "ఎంతమందమ్మా?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"రానూపోనూ ఇవ్వనా?"

"వద్దు," అంది. "పోవడానికే."